29 వారాల 5 రోజులు

మా అంగడిలో బాకీలు రాసుకునే నోటుబుక్కు ఒకటుంది. పొడుగాటిది, ఎర్ర అట్ట. పత్తికొండలో నాది చిన్న జెరాక్సు అంగడి. ఎవరెన్ని కాపీలు తీసుకుని డబ్బులు రేపిస్తామన్నారో అందులో రాస్తాను. ఈ ఫిబ్రవరి పేజీలు తిప్పితే ఒకచోట బాకీలు ఆగిపోయి టైములు మొదలవుతాయి. 10:05, 10:16, 10:24, 10:33. ఆ రాత్రి చేతికి దొరికిన బుక్కు అదే.

శుక్రవారం సాయంత్రం నుంచే మా ఇంటామె నడుం పట్టేసిందని అంటోంది. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. పొద్దంతా నిలబడే పని కాబట్టి నడుంనొప్పి కొత్తేమీ కాదు. అంతకు వారం ముందే శ్రీమంతం చేశాం. గాజులు తొడిగించుకోవడానికి రెండు గంటలు పీటమీద కూర్చుంది. ఆ అలసటే అనుకున్నాం. మా అత్త అప్పటికి మా ఇంట్లోనే ఉంది, ఆదివారం కూతుర్ని పుట్టింటికి తీసుకుపోదామని వచ్చింది. జీలకర్ర కషాయం కాచి ఇచ్చి, "దొంగ నొప్పులు మే, అవే పోతాయి" అంది.

పోలేదు. నడుంలో మొదలై ముందుకొచ్చి, కడుపు కాసేపు రాయిలా అయ్యి, మళ్ళీ మెత్తబడుతోంది. నొప్పి అంత ఎక్కువేం లేదంటుంది. నాకు భయం వేసింది నొప్పిని చూసి కాదు, అది వచ్చి పోతున్న తీరు చూసి. గడియారం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. గంటలో ఆరు వచ్చాయి.

మా ఊరి నర్సింగ్‌హోములో డాక్టరమ్మ పరీక్ష చేసి ఎక్కువ మాట్లాడలేదు. ఎన్ని వారాలని అడిగింది. నేను "ఏడో నెల" అన్నాను. "నెలలు కాదయ్యా, వారాలు" అని స్కానింగు కాగితం తీయించి తనే లెక్క వేసింది. 29 వారాల 5 రోజులు. 37 నిండితేనే నెలలు నిండినట్టు అంట. గర్భసంచి మూతి కొద్దిగా తెరుచుకుంటోంది, ఇక్కడ పుడితే బిడ్డను పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు, కర్నూలు పోండి అంది. పోయేముందు తొడకు ఒక ఇంజెక్షన్ ఇచ్చింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, 6 మిల్లీగ్రాములు. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా తయారు కావడానికి. పన్నెండు గంటలకొకటి చొప్పున మొత్తం నాలుగు పడాలి. చీటీ మీద "11:20" అని రాసి, దాని చుట్టూ గుండ్రంగా గీసి నా చేతిలో పెట్టింది. "ఈ కాగితం పోగొట్టుకోవద్దు." జెరాక్సు అంగడోడికి ఆ మాట చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి మిషన్ ఎక్కడిది, సెల్లులో ఫోటో తీసుకున్నా.

108 లో దేవనకొండ, కోడుమూరు మీదుగా కర్నూలు. ఎడమపక్కకు తిరిగి పడుకోమన్నారు. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె నా చెయ్యి పట్టుకునేది, నేను గతుకుకూ నొప్పికీ తేడా తెలియక టైము రాసేవాణ్ణి. ఆ పేజీలో సగం అంకెలు రోడ్డువే.

ఎన్.ఆర్.పేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయేసరికి రెండవుతోంది. పసిపిల్లల ఐసీయూ ఉందని మా డాక్టరమ్మే ఫోన్ చేసి చెప్పిన చోటు. కింద కౌంటర్లో కాగితాలన్నీ తీసుకున్నారు. పైకి పోయాక డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "స్టెరాయిడ్ ఎప్పుడిచ్చారు?" ఫైలులో ఆ చీటీ లేదు. కింద అడిగితే పైకి పంపించాం అన్నారు, పైన అడిగితే రాలేదన్నారు. సెల్లు తీసి చూపించాను. ఫోటోలో నా బొటనవేలు కూడా పడింది కానీ 11:20 మాత్రం స్పష్టంగా ఉంది. అసలు చీటీ ఈరోజు వరకూ దొరకలేదు.

లేబర్ రూము తలుపు దగ్గర నన్ను ఆపేశారు. ఆడమనిషి ఒకరే లోపలికి. అత్త పోయింది. తలుపు బయట చెప్పుల వరస, ఒక ఇనుప బెంచీ, గోడకు పాలిచ్చే తల్లి బొమ్మ. మా వైపు మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది. మొగుడనేవాడు కబురు తెలిసి, బిడ్డను చూసేందుకు బట్టలు కొనుక్కుని పోతాడు. నొప్పుల దగ్గర వాడు ఉండటమే ఎవరి లెక్కలోనూ లేదు. నాకూ అప్పటిదాకా లేదు.

లోపల జరిగేది నాకు అత్త నోటినుంచి రావాలి. అత్త మంచిదే, కానీ డాక్టర్ల మాట ఆమె చెవిలో పడి నా దగ్గరికి వచ్చేసరికి వేరే మాటయ్యేది. "సర్వీసు పొట్టిగా అయిందంట నాయనా, పందొమ్మిది సెంటీమీటర్లంట." సర్విక్స్ అంటే గర్భసంచి మూతి అనీ, అది 19 మిల్లీమీటర్లనీ, 25 కంటే తగ్గితే జాగ్రత్తపడాలనీ నాకు తెలిసేసరికి తెల్లారింది. ఇంకోసారి వచ్చి, "ఒళ్ళంతా మంటలు మండే మందు ఎక్కిస్తాండారు, మోకాలు మీద సుత్తితో కొడతాండారు" అంది. నేను బెంచీ మీదనుంచి లేచి నిలబడ్డాను. ఆ గంట ఎలా గడిచిందో రాయలేను.

అది మెగ్నీషియం సల్ఫేటు. 32 వారాల లోపు కాన్పు దగ్గర పడిందనుకుంటే బిడ్డ మెదడుకు రక్షణగా ఇస్తారు. నరంలోకి పోతుంటే ఒళ్ళు కాలినట్టుంటుంది, అది మామూలే. మందు ఎక్కువైతే మోకాలి కదలిక పోతుంది కాబట్టి చిన్న రబ్బరు సుత్తితో తట్టి కాలు ఎగురుతోందా లేదా చూస్తారు, మూత్రం ఎంత వస్తోందో కొలుస్తారు. ఇదంతా ఒక్క నిమిషంలో చెప్పొచ్చు. బయట బెంచీ మీద కూర్చున్నవాడికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

అప్పుడు నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి నాలుగు ప్రశ్నలు రాశాను. ఒకటి, ఇప్పుడు కాన్పు అవుతుందా? రెండు, ఈ మందులు దేనికి? మూడు, బిడ్డ ఎట్లుంది? నాలుగు, నేనేం చెయ్యాలి? ప్రశ్న కింద రెండు గీతల ఖాళీ వదిలి అత్త చేతికిచ్చి, పెద్ద డాక్టరమ్మ రౌండ్సుకు వచ్చినప్పుడు చూపించమన్నా. ఆ మేడం నవ్విందంట. కానీ రాసింది. మొదటిదానికి: "చెప్పలేం. ఇలా వచ్చేవాళ్ళలో చాలామందికి వెంటనే అవదు. మాకు 48 గంటలు కావాలి." రెండోదానికి మందుల పేర్లు, పక్కన ఒక్కో ముక్క. మూడోదానికి: "గుండె చప్పుడు బాగుంది." నాలుగోదానికి: "ఇంజెక్షన్ టైములు గుర్తుంచుకోండి. ఆమెను భయపెట్టేవాళ్ళను దూరంగా ఉంచండి."

ఈ రెండు పనుల్లో మొదటిది నాకు బాగా వచ్చు. రెండోది, మా బంధువుల సంగతి మేడానికి తెలియక రాసింది.

48 గంటల లెక్క ఇది. నొప్పులను శాశ్వతంగా ఆపే మందు లేదు. నిఫెడిపిన్ అనే మాత్ర గర్భసంచి కండరాన్ని కొంతసేపు వదులు చేస్తుంది. ఆ వ్యవధిలో నాలుగు ఇంజెక్షన్లు పడి పని చెయ్యడం మొదలుపెడితే, ఆ తర్వాత బిడ్డ పుట్టినా ఊపిరి తీసుకోవడం తేలికవుతుంది. అంటే శుక్రవారం రాత్రి 11:20, శనివారం పగలు 11:20, రాత్రి 11:20, ఆదివారం పగలు 11:20. ప్రతిదానికీ పదిహేను నిమిషాల ముందే నర్సు దగ్గర నిలబడేవాణ్ణి. "అన్నా, నీకంటే ముందే గుర్తుంది మాకు" అని విసుక్కుంది కానీ, శనివారం రాత్రి మాత్రం నేను పోయాకే సిరంజి తీసింది.

నిఫెడిపిన్ అసలు బీపీ మాత్ర. మందుల షాపు అబ్బాయి ఆ ముక్క అత్తతో అనేశాడు. "నా బిడ్డకు బీపీ యాడుంది? వేరేవాళ్ళ మాత్ర ఇచ్చినారు" అని ఆమె వార్డంతా లేపింది. మాత్రకు ముందు ప్రతిసారీ బీపీ చూస్తున్నది అందుకేనని, మరీ పడిపోతే ఆపేస్తారని నర్సు ఓపిగ్గా చెప్పింది. ముఖం ఎర్రబడి, తలనొప్పితో మా ఇంటామె రెండు రోజులు కళ్ళు తెరవలేదు. నిద్రలో కూడా చెయ్యి కడుపుమీదే ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం వార్డుకు మార్చారు. అక్కడికి నన్ను రానిచ్చారు. 38 గంటల తర్వాత ఆమెను చూడటం. "గడ్డం గీసుకోపో, దొంగలా ఉండావ్" అంది.

కడుపుకు రెండు బెల్టులు కట్టే మిషన్ ఉంటుంది. ఒకటి బిడ్డ గుండె చప్పుడుకు, ఒకటి గర్భసంచి బిగువుకు. కింద కాగితం వరసగా బయటికొస్తుంది. ఆ గుండె చప్పుడు, మా జెరాక్సు మిషన్ ఆపకుండా కాపీలు దించుతుంటే వచ్చే చప్పుడు లాంటిదే. 142, 148, 151. 110 నుంచి 160 మధ్య ఉంటే సరే అన్నారు. ఉన్నట్టుండి చప్పుడు ఆగిపోయింది. నా ప్రాణం అక్కడే పోయింది. నర్సు వచ్చి, బెల్టు ఒక అంగుళం కిందికి జరిపింది, మళ్ళీ 146. బిడ్డ పక్కకు తిరిగిందంతే. రెండో బెల్టు అంకె 60, 80 అని ఎక్కినప్పుడల్లా నేను ఆమె ముఖం చూసేవాణ్ణి. అది నొప్పి ఎంత బలంగా ఉందో చెప్పే అంకె కాదు, బెల్టు ఎక్కడ కట్టామో దాన్నిబట్టి మారిపోతుంది, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో చూడటానికే అని ఆ నర్సే చెప్పింది. చేత్తో చూడటం కూడా నేర్పింది. కడుపు పై భాగాన అరచెయ్యి ఆనించాలి. ముక్కు కొనలా నొక్కుకుపోతే పరవాలేదు, గడ్డంలా ఉంటే ఓ మోస్తరు, నుదురులా ఉంటే గట్టి నొప్పి. ఆ రోజంతా నేను ఒక చేత్తో నా ముఖం తడుముకుంటూ ఇంకో చెయ్యి ఆమె కడుపుమీద పెట్టుకుని కూర్చున్నా. చూసినవాళ్ళు ఏమనుకున్నారో.

మూలం ఏమిటనేది సోమవారం తేలింది. మూత్రం కల్చరు రిపోర్టులో ఈకోలి అనే సూక్ష్మజీవి పెరిగింది. ఇన్ఫెక్షనే నొప్పులు రేపి ఉండొచ్చు అన్నారు. మంటా జ్వరమూ పెద్దగా లేకుండానే అలా జరగొచ్చంట. మేడం అడిగితే అప్పుడు చెప్పింది మా ఇంటామె. స్కూల్లో టీచర్లకు ఉన్నది ఒకటే బాత్రూము, అదీ తలుపు సరిగా పడదు, కాబట్టి పొద్దున ఎనిమిదికి పోయిన మనిషి సాయంత్రం నాలుగున్నరకు ఇంటికొచ్చేదాకా పోదు. పోకూడదని నీళ్ళూ తాగదు. మూడేళ్ళుగా అంతే. నాకీ సంగతి తెలియదు. రోజూ సాయంత్రం ఇంట్లోకి రాగానే బ్యాగు కూడా దించకుండా పెరట్లోకి ఉరికేది, అది చూసి నేను నవ్వేవాణ్ణి.

శ్రీమంతంలో దిష్టి తగిలిందన్నవాళ్ళు, బండి మీద ఎక్కించుకుని తిప్పినావని నన్నన్నవాళ్ళు, బొప్పాయి తినిందేమో అన్నవాళ్ళు, ఎవరూ ఆ తలుపు పడని బాత్రూము ఊసెత్తలేదు.

మంగళవారం ఆలూరు నుంచి, ఆదోని నుంచి వరసగా పదముగ్గురు వచ్చారు. బత్తాయిలు, బిస్కెట్లు, సలహాలు. మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తాలని ఒక పెద్దమ్మ, అసలు కాలు కింద పెట్టనివ్వొద్దని ఇంకొకరు. మేడం ఇంతకుముందే చెప్పింది, అస్తమానం పడుకుంటే కాన్పు ఆగుతుందనడానికి ఆధారం లేదు, పైగా కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, బాత్రూముకు తనే నడిచి పోవాలి అని. నేను ఆ మాట చెప్తే, "డాక్టర్లకేం తెలుసు, మేం కనలేదా" అన్నారు. ఆ రాత్రి మళ్ళీ నొప్పులు. 1:10, 1:22, 1:31. మళ్ళీ మిషన్, మళ్ళీ మూతి పరీక్ష. కొలత మారలేదు. తెల్లారగట్ల అవే తగ్గాయి. పొద్దున వాచ్‌మన్‌కు చెప్పాను, మా పేరు చెప్పుకుని ఎవరొచ్చినా డాక్టరు వద్దన్నారని చెప్పమని. ఆదోనివాళ్ళు ఇంకా మాట్లాడటం లేదు. మంచిదే.

అసలు గొడవ బుధవారం వచ్చింది. అత్త వేళ్ళమీద లెక్కపెట్టి, "ఏడు నిండి ఎనిమిది పడింది" అని గోడకేసి తిరిగి ఏడవడం మొదలుపెట్టింది. మా వైపు ఒక నమ్మకం ఉంది, మీ వైపూ ఉండే ఉంటుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుడితే బతకదు. అంటే డాక్టర్లు ఇంకో రోజు, ఇంకో వారం అని సంతోషపడుతుంటే, మా అత్త నిన్నే పుట్టి ఉంటే బాగుండేదని కుమిలిపోతోంది. ఆరు రోజులుగా ఒకే మంచం పక్కన కూర్చున్న ఇద్దరం ఎదురెదురు మొక్కులు మొక్కుకుంటున్నామని నాకప్పుడు అర్థమైంది.

మేడం ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. నెల పేరుతో బిడ్డకు పనిలేదు, లోపల ఎన్ని రోజులు ఎక్కువుంటే అంత బలం అని. అత్త తలూపింది. మేడం పోయాక, "ఆయమ్మ అట్లే చెప్తాది" అంది. అప్పుడు నేను ఆమెను కింది అంతస్తుకు పసిపిల్లల ఐసీయూ దగ్గరికి తీసుకుపోయాను. రెండు రోజుల ముందే పిల్లల డాక్టరు నాకు అది చూపించాడు, ముందే చూసి ఉంటే తర్వాత బెదరరు అని. అద్దం అవతల, అరచెయ్యంత ముఖమున్న బిడ్డ, ముక్కుకు గొట్టాలు, గాలి ఒత్తిడితో ఊపిరితిత్తులు తెరిచి ఉంచే మిషన్. పీల్చి మింగడం సుమారు 34 వారాలకు గానీ కుదరదు కాబట్టి అంతవరకు నోటిలోంచి సన్న గొట్టంతో పాలు. ఇంకో మూల ఒక తల్లి, బిడ్డను రవికె లోపల రొమ్ముకు ఆనించుకుని కుర్చీలో ఉంది. అత్త ఆ నర్సును అడిగింది, "ఈ బిడ్డ ఏ నెలలో పుట్టినాది?" 33 వారాలంట. అత్త వేళ్ళు మడిచింది. ఎనిమిదో నెల. "బతికిందే!" అంది, నావైపు తిరిగి.

ఆ ఐసీయూలో రోజుకు ఎంతవుతుందో విన్నాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. సోమవారమే బుధవారపేటలో పెద్దాసుపత్రికి పోయి విచారించి వచ్చాను. అక్కడ అప్పుడే పుట్టిన పిల్లలకు ప్రత్యేక వార్డు ఉంది, ఖర్చు లేదు. అవసరం పడితే కడుపులో ఉండగానే మార్చడం మేలు, పుట్టాక బిడ్డను అంబులెన్సులో తిప్పడం కంటే, అని అక్కడి సిస్టరు చెప్పిన మాట చాలా పనికొచ్చేది. చివరికి మార్చలేదు. ఇక్కడి బిల్లుకు చీటీ పాడుకున్నాను, మూడు నెలలు ఆగాల్సిన చీటీ.

మిగతా రోజులు ఖాళీ రోజులు. చెప్పుకోడానికి ఏమీ జరగని రోజులు, మేము కోరుకున్నవీ అవే. రాత్రిపూట ప్రొజెస్టిరాన్ అనే హార్మోను మాత్ర, యాంటీబయాటిక్, మూడు లీటర్ల నీళ్ళు. పొద్దున్నే నేను సందు చివర ఉగ్గాని బజ్జీ తిని, ఆమెకు ఇడ్లీ తీసుకుపోతే నా చొక్కా వాసన చూసి కనిపెట్టేది. ఊరికే పడుకుని పైకప్పు చూస్తే పిచ్చెక్కుతోందని, స్కూలునుంచి యూనిట్ పరీక్ష పేపర్లు తెప్పించుకుంది. ఎడమపక్కకు ఒరిగి, దిండుమీద పేపరు పెట్టుకుని ఎర్ర పెన్నుతో దిద్దేది. "తుంగభద్ర ఎక్కడ పుట్టింది" అన్న ప్రశ్నకు ఒక పిల్లోడు "కర్నూలు బ్రిడ్జి కింద" అని రాశాడు. ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వితే కడుపు బిగుస్తుందేమోనని నేను గడియారం చూసుకున్నా. ఏమీ బిగవలేదు. అర మార్కు వేసింది.

పదకొండో రోజు, 31 వారాల 2 రోజులకు పంపించారు. పత్తికొండకు కాదు, పుట్టింటికీ కాదు. ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో ఉండాలన్నారు. సి.క్యాంపులో ఆమె చిన్నమ్మ వాళ్ళింట్లో ముందు గది ఇచ్చారు. నేను వారానికి మూడు రోజులు అంగడి తెరిచి, మిగతా రోజులు బస్సెక్కేవాణ్ణి. అత్త క్యాలెండరులో ఒక తేదీకి పసుపు బొట్టు పెట్టుకుంది, తొమ్మిది పడే రోజు.

ఇంటికొచ్చిన 34 రోజులకు, తెల్లారగట్ల రెండప్పుడు నన్ను తట్టి లేపింది. "బుక్కు తీయ్" అంది. 2:10, 2:17, 2:23. ఈసారి చెయ్యి ఆనిస్తే నుదురే, అనుమానం లేదు. చివరి అంకె 3:41. ఆ తర్వాత ఆటోలో వెలుతురు లేక రాయలేదు.

ఆరు నలభైకి ఆడపిల్ల. 2 కిలోల 350 గ్రాములు. ఐసీయూ అవసరం లేదు, కాసేపు చూసి తల్లి దగ్గరికే ఇస్తామన్నారు. అదే తలుపు, అదే చెప్పుల వరస. గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చిన నర్సును అత్త ముట్టుకోకముందే అడిగింది.

"సరిగ్గా లెక్కేసినారా సిస్టరమ్మా, ఏ నెల?"

"36 వారాల ఒక రోజు, అమ్మమ్మా."

అత్త నావైపు తిరిగింది. "ఏందంట నాయనా?"

"తొమ్మిదో నెలే అత్తా" అన్నాను. అప్పుడు చేతులు చాపింది.